మీకు తెలుసా? గుర్రాల్లేని మాంటీ క్రిస్టో

మాంటీ క్రిస్టో కౌంట్ వారసులు చివరికి ఏమయ్యారో మీకు తెలుసా? ఒకాయన శాన్‌ఫ్రాన్సిస్కో రేవులో, ఓడ మీద నెలజీతానికి పనిచేస్తూ తేలాడు. తేల్చింది హాలీవుడ్ లెండి.

1949లో వచ్చిన ఆ సినిమా పేరు ‘ట్రెజర్ ఆఫ్ మాంటీ క్రిస్టో’. దర్శకుడు విలియం బెర్క్. హీరో గ్లెన్ లాంగన్, హీరోయిన్ అడెల్ జర్గెన్స్. సినిమాలో హీరో పేరు ఎడ్మండ్ డాంటెస్, అంటే అలెగ్జాండర్ డ్యూమా నవలలో హీరో పేరే. తాతల పేరొక్కటే మిగిలింది, ఆస్తి సంగతి ఇతగాడికి తెలియదు. ముక్కూమొహం తెలియని ఒక అమ్మాయి వచ్చి, డబ్బిస్తాను నన్ను పెళ్లి చేసుకో అంటుంది. ఊరికే వచ్చే డబ్బు కదా అని చేసుకుంటాడు. తెల్లారేసరికి ఆ పెళ్లి మెడకు చుట్టుకుంటుంది. చేయని హత్య నెత్తిన పడుతుంది, మరణశిక్ష పడుతుంది, తప్పించుకుని పారిపోతాడు. అసలు నవలలోనూ పెళ్లి ముచ్చట జరుగుతుండగానే పోలీసులొచ్చి డాంటెస్‌ను పట్టుకుపోతారని చదివినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. నవల్లో అతనిది ప్రేమ పెళ్లి, ఇక్కడ బేరం పెళ్లి. ఆ ఒక్క మార్పులోనే నూరేళ్ల తేడా కనిపిస్తుంది.

గుర్రబ్బండ్లు, కోటలు, పారిస్ దొరల విందులు ఇందులో లేవు. వీధులున్నాయి, గదులున్నాయి, రాత్రుళ్లున్నాయి. అంతకు మించి పెట్టడానికి నిర్మాత దగ్గర డబ్బు లేదు. అన్నట్టు ఆ డబ్బు పెళ్లి సినిమాలో ఎలా ముగిసినా, తారలిద్దరూ నిజంగానే పెళ్లి చేసుకుని, 1991లో లాంగన్ పోయేదాకా కలిసే ఉన్నారు. హాలీవుడ్‌లో ఇదే అసలైన నిధి అనుకోవాలి.

హాలు ఓనరు తీసిన సినిమా

ఈ సినిమా వెనకున్న రాబర్ట్ లిప్పర్ట్ మొదట నిర్మాత కాడు, సినిమా హాళ్ల యజమాని. కాలిఫోర్నియాలో, ఓరెగాన్‌లో హాళ్లుండేవి. పెద్ద స్టూడియోలు అడిగే అద్దెలు గిట్టక, మన హాళ్లకు కావలసిన బొమ్మ మనమే తీసుకుందాం అని దిగాడు. హోటల్ నడిపేవాడు కూరగాయల ధరకు విసిగి పెరడు వేసుకున్నట్టు. పేరు చవక నిర్మాత అనే వచ్చింది గానీ, తర్వాత ప్రపంచమంతా నెత్తిన పెట్టుకున్న శామ్యూల్ ఫుల్లర్‌కు తొలిసారి మెగాఫోన్ ఇచ్చింది ఈయనే. ఆ ‘ఐ షాట్ జెస్సీ జేమ్స్’ కూడా 1949 సినిమానే.

‘బి’ ఎవరికి తగిలించారు?

అమెరికాలో అప్పట్లో ఒక టికెట్టుకు రెండు సినిమాలు చూపించేవారు. మొదటిది పేరున్న తారలది, దాని నిర్మాతకు వసూళ్లలో వాటా. వెనకాల వేసేది చిన్నది, దానికి ఇంత అని ఖరారు అద్దె. ఆ రెండోదాన్నే ‘బి’ పిక్చర్ అన్నారు. హాలు కిటకిటలాడినా ‘బి’ నిర్మాతకు వచ్చేది ఆ అద్దే. కాబట్టి అతని లాభమంతా ఖర్చు తగ్గించుకోవడంలోనే ఉండేది.

మన సినిమా వ్యాపారంలోనూ ‘బి’ ఉంది, ‘సి’ కూడా ఉంది. అయితే అవి సినిమాకు తగిలించినవి కావు, ఊళ్లకు తగిలించినవి. బి సెంటర్, సి సెంటర్. ఎంత నాసిరకం బొమ్మయినా మన ట్రేడ్ లెక్కలో దానికి గ్రేడు తగ్గదు. చూసేవాడి ఊరికే తగ్గుతుంది. ఈ తేడా గురించి ఎవరైనా పీహెచ్‌డీ చేయవచ్చు, నేను మాత్రం ముందుకు వెళతాను.

(ట్రేడ్ మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. నిజాం రాజ్యం 1948లో పోయింది. సినిమా వసూళ్ల లెక్కల్లో మాత్రం ఇప్పటికీ ‘నైజాం’ ఏరియా ఉంది. ఈ రోజుకీ ప్రతి శుక్రవారం నిజాం పేరు తలుచుకునేది డిస్ట్రిబ్యూటర్లే.)

నల్ల సినిమాకు ఆ పేరెవరు పెట్టారు?

లిప్పర్ట్ మాంటీ క్రిస్టో లాంటి చీకటి నేర చిత్రాలను పిలిచే ‘ఫిల్మ్ నువార్’ ఫ్రెంచి మాట, నువార్ అంటే నలుపు. యుద్ధం ముగిశాక అమెరికా నేర చిత్రాలు ఒక్కసారిగా పారిస్‌కు వచ్చి పడితే, వాటి చీకటిని చూసి 1946లో నినో ఫ్రాంక్ అనే విమర్శకుడు వాడిన పేరది. తీసిన హాలీవుడ్ వాళ్లకు తాము నువార్ తీస్తున్నామనే తెలియదు. వాళ్ల భాషలో అవి క్రైమ్ పిక్చర్లు, అంతే.

ఆ చీకటికి కళ ఎంత కారణమో లేమి కూడా అంతే కారణం. గదంతా వెలిగిస్తే గోడ అట్టముక్కని తెలిసిపోతుంది. ఒకే ఒక్క దీపం ఏటవాలుగా పెట్టి, కిటికీ కమ్మీల నీడ గోడ మీద పడేలా చేస్తే అట్టముక్క కాస్తా జైలు గోడ అవుతుంది. పాత సెట్టు పనికొస్తుంది, సామాను తక్కువ పడుతుంది. వీధిలో రాత్రిపూట తీస్తే ఊరే ఉచితంగా సెట్టు అవుతుంది. 1945లో ఎడ్గర్ ఉల్మర్ తీసిన ‘డీటూర్’ ఈ విద్యకు పాఠ్యపుస్తకం. అందులో కొన్ని చోట్ల పొగమంచు తప్ప ఏమీ కనిపించదు. వెనక చూపించడానికి ఏమీ లేకపోతే ఎవరైనా పొగే వేస్తారు మరి.

మనవైపు ఈ లేమి విద్యలో ఆరితేరినవారు దర్శకుడు విఠలాచార్య. ఆయన చీకటి జోలికి పోలేదు, మాయల జోలికి పోయారు. డేట్లిచ్చి రాని నటుడి పాత్రను మాంత్రికుడి చేత చిలకగానో కోతిగానో మార్పించి మిగతా షూటింగ్ కానిచ్చేసేవారని పరిశ్రమలో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకుంటారు. లిప్పర్ట్‌కు ఈ ఉపాయం తోచి ఉంటే అమెరికన్ నువార్ చరిత్ర వేరేగా ఉండేది.

ఆదివారం పేవ్‌మెంటు మీద కౌంట్

ఆదివారం హైదరాబాద్ అబిడ్స్‌లో షాపుల షట్టర్లు దిగుతాయి, వాటి ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుచుకుంటాయి. ఇంజినీరింగ్ గైడ్ల పక్కన ఏనాటివో ఇంగ్లిషు నవలలు, ఉర్దూ రిసాలాలు, అట్టలూడిన తెలుగు డిటెక్టివులు. నేను ‘ది కౌంట్ ఆఫ్ మాంటీ క్రిస్టో’ను మొదట అక్కడే కొన్నాను. అది స్కూలు పిల్లలకని కుదించిన ప్రతి, నూట చిల్లర పేజీలు. చాలా ఏళ్ల తర్వాత పూర్తి నవల చేతికొస్తే వెయ్యి పేజీలు దాటి ఉంది. నేను చదివింది కథ కాదు, కథ ఎముకలు. కానీ ఆ ఎముకల్లో హత్య, కుట్ర, జైలు, పగ తప్ప మరేమీ లేవు. అంటే కుదించినవాడు తెలియకుండానే దాన్ని నువార్ చేసేశాడు.

నవల అంత లావెక్కడానికి కారణముంది. అది 1844 ఆగస్టు నుంచి 1846 జనవరి దాకా ‘జర్నల్ దె దెబా’ అనే పారిస్ పత్రికలో ధారావాహికగా వచ్చింది. డ్యూమాకు తెరవెనుక సాయంగా ఆగస్త్ మాకే అనే రచయిత పనిచేశాడు. డబ్బు డ్యూమాకు బాగానే వచ్చింది. పారిస్ దగ్గర ‘మాంటీ క్రిస్టో’ అనే పేరుతోనే ఒక మేడ కట్టించాడు. కట్టించి నిలబెట్టుకోలేక, కొద్ది ఏళ్లకే అప్పులవాళ్ల పాలు చేశాడు. ఆయన సృష్టించిన హీరోకు ఎంత పంచినా తరగని నిధి దొరికింది. రాసినాయనకు ఆ రహస్యం అబ్బలేదు.

కథ పుట్టిల్లు పోలీసు దస్తరం

ఈ కాలమ్‌లో నేను అసలు చెప్పదలచుకున్నది ఇదే. మాంటీ క్రిస్టో అనగానే మనకు గుర్తొచ్చేది సముద్రం, దీవి, వజ్రాల పెట్టె, ముసుగు దొర. కానీ డ్యూమాకు ఆ విత్తనం దొరికింది పారిస్ పోలీసు కాగితాల్లో. అక్కడ రికార్డులు చూసుకునే ఉద్యోగం చేసిన జాక్ ప్యూషే అనే ఆయన, ఆ దస్తరాల్లోంచి ఏరానని చెబుతూ కొన్ని కథనాలు రాశాడు. ఆయన పోయాక 1838లో అచ్చయ్యాయి. అందులో ఒక అధ్యాయం పేరు ‘వజ్రమూ పగా’.

అందులోని హీరో పేరు ఫ్రాన్స్వా పికో. ఓడ మీద పని కాదు, చెప్పులు కుట్టే పని. 1807లో డబ్బున్నవాళ్ల అమ్మాయితో పెళ్లి కుదిరింది. ఆ సంగతి కాఫీ దుకాణం నడిపే స్నేహితుడికి చెప్పుకుని సంబరపడ్డాడు. అతనికి కడుపు మండింది. మరి కొందరిని కలుపుకుని, వీడు ఇంగ్లిషువాళ్ల గూఢచారి అని పోలీసులకు ఉప్పందించాడు. పెళ్లికొడుకు జైలుకెళ్లాడు, ఏడేళ్లు. అక్కడ సేవ చేయించుకున్న ఒక ఇటలీ మతగురువు చనిపోతూ, మిలాన్‌లో దాచిన సొమ్ము జాడ చెప్పాడు. బయటికొచ్చిన పికో వేషం మార్చి, ఆ కాఫీ దుకాణంలోనే వెయిటరుగా చేరి ఒక్కొక్కరి పని పట్టాడు. ఇందులో దొరలు లేరు, దీవులు లేవు. ఒక కాఫీ కొట్టు, నలుగురు స్నేహితులు, ఒక ఉత్తుత్తి ఫిర్యాదు ఉన్నాయి. ప్యూషే ఎంతవరకు దస్తరం చూసి రాశాడు, ఎంత కల్పించాడు అనేది పండితులు తేల్చుకోవలసిన తగువు.

దీనికి ఓడను, దీవిని, బిరుదును తగిలించి సాహసగాథ చేసింది డ్యూమా. నూరేళ్లు గడిచాక డబ్బులేని ఒక హాలు ఓనరు వాటన్నిటినీ పీకేసి, మళ్లీ వీధిలో పడేశాడు. చవక సినిమా గొప్ప నవలను చెడగొట్టిందని విమర్శకులు అనవచ్చు. నాకైతే కథను పుట్టింట్లో దింపి వచ్చినట్టే కనిపిస్తుంది.

జైల్లో ముసలాయన మనవాడే

నవలలో డాంటెస్‌కు పక్క గదిలోంచి సొరంగం తవ్వుకుంటూ వచ్చి, చదువు చెప్పి, నిధి జాడ ఇచ్చే అబే ఫారియాను డ్యూమా ఇటలీ వాడన్నాడు. ఆ పేరున్న అసలు మనిషి గోవా వాడు. జోజే కుస్తోదియో ద ఫారియా 1756లో గోవాలోని కాండోలిమ్‌లో పుట్టి, మతగురువై, ఐరోపా వెళ్లి, పారిస్‌లో హిప్నాటిజం ప్రదర్శనలిచ్చి పేరు తెచ్చుకున్నాడు. 1819లో అక్కడే పోయాడు. పణజిలో ఒక స్త్రీ మీదికి చేతులు చాచి నిలబడిన నల్లటి విగ్రహం ఉంటుంది, అది ఈయనదే. గోవా వెళ్లిన మనవాళ్లు బీచికి దారి అడుగుతూ దాని ముందునుంచే వెళ్లిపోతారు.

ఇంకో తమాషా. మార్సే తీరాన షాతో దీఫ్ కోటలో డాంటెస్ ఉన్న గది ఇది, ఫారియా గది అది అని చూపిస్తారు, మధ్యలో కన్నంతో సహా. లేని మనిషి తవ్విన కన్నం అది.

నెపోలియన్ నాటి ఫ్రెంచివాడు అబిడ్స్ పక్కన ఏం చేశాడు?

డాంటెస్‌ను జైలుపాలు చేసింది నెపోలియన్ వర్గానికి చెందిన ఒక ఉత్తరం. ఆ తరం ఫ్రెంచి సాహసి ఒకడు మన గన్‌ఫౌండ్రీలో ఫిరంగులు పోయించాడు. రెండో నిజాం కొలువులో సేనాని అయిన మైకేల్ రేమాండ్. అబిడ్స్ నుంచి బషీర్‌బాగ్ వైపు వెళ్లే దారిలో ఆ ఫిరంగుల కర్మాగారం 1786లో మొదలైంది, పేటకు పేరు మిగిల్చింది. రేమాండ్ 1798లో చనిపోయాడు. జనం నోట ఆయన ముస్లింలకు మూసా రహీం, హిందువులకు మూసా రాముడు అయ్యాడు. మూసారాంబాగ్ ఆ పేరే. ఒక ఫ్రెంచి దొరకు ఇన్ని మతాల పేర్లు డ్యూమా కూడా పెట్టలేదు.

మనవాళ్లు మాంటీ క్రిస్టోను ఏం చేశారు?

ఎక్కువగా పెంచారు. 1982లో మలయాళంలో ‘పడయోట్టం’ వచ్చింది. ప్రేమ్ నజీర్ హీరో, మమ్ముట్టి, మోహన్‌లాల్ కూడా ఉన్నారు. కథ డ్యూమాదే, తెర 70 ఎం.ఎం. దక్షిణాదిలో ఆ కొలతకు అదే తొలి చిత్రం. తెలుగులో 1986 మే నెలలో చిరంజీవి ‘వేట’ వచ్చింది. ‘ఖైదీ’ తీసిన ఎ.కోదండరామిరెడ్డే దర్శకుడు, జయప్రద, సుమలత నాయికలు. అన్యాయంగా జైలుకెళ్లినవాడు సంపన్నుడై తిరిగొచ్చి పగ తీర్చుకునే డ్యూమా వరసే ఇందులోనూ ఉంది. సినిమా మాత్రం ఆడలేదు. మూడేళ్ల ముందు ఇదే జోడీ ‘ఖైదీ’తో జనాన్ని ఊపేసింది, దానికి మూలం హాలీవుడ్ ‘ఫస్ట్ బ్లడ్’. అందులో హీరో పల్లెటూరి కుర్రాడు, పోలీస్ స్టేషను, అడవి, మాసిన చొక్కా. ‘వేట’ది ముస్తాబు. ఒకే హీరో, ఒకే దర్శకుడు, రెండింటా దెబ్బతిన్నవాడి పగే. జనం మాసిన చొక్కాకే ఓటేశారు. నా అనుమానం ఏమిటంటే, పగ అనే సరుకు పట్టు వస్త్రంలో చుడితే సగం వేడి చల్లారిపోతుంది.

అదే ఏడాది మార్చిలో కృష్ణ ‘సింహాసనం’తో తెలుగు సినిమాను 70 ఎం.ఎం.కు ఎక్కించారు. ఆ రోజుల్లో సాహసం అంటే మనకు పెద్ద తెర, కిరీటం, ఖడ్గం.

అలాగని కృష్ణ వీధిని మరిచారనలేం. 1971లో ‘మోసగాళ్లకు మోసగాడు’తో నిధి వేటను కౌబాయ్ టోపీ పెట్టి తెలుగు చేశారు. కథ రాసింది ఆరుద్ర, దర్శకుడు కె.ఎస్.ఆర్.దాస్. అమరవీడు అనే సంస్థానపు నిధి కోసం ఒకరిని మించి ఒకరు మోసం చేసుకుంటారు. ఎడారి కోసం రాజస్థాన్ దాకా వెళ్లారు. అది ఇంగ్లిషులోకి డబ్బింగ్ అయినప్పుడు పెట్టిన పేరు ‘ట్రెజర్ హంట్’. లిప్పర్ట్ చూసి ఉంటే వెంటనే తన హాళ్లకు బుక్ చేసుకునేవాడు.

నిజమైన చవక నీడల సినిమా మనకు ఆలస్యంగా వచ్చింది. 2003లో చంద్రశేఖర్ యేలేటి ‘ఐతే’ తీశారు, నిర్మాత గుణ్ణం గంగరాజు. కొత్త కుర్రాళ్లు, చిన్న బడ్జెట్, పాటల గొడవ తక్కువ. అందులో నిధి పెట్టెలో ఉండదు, పవన్ మల్హోత్రా వేసిన డాన్ తల మీద ఉంటుంది. పోలీసులు ప్రకటించిన బహుమతి. చేతిలో చిల్లిగవ్వ లేని నలుగురు నిరుద్యోగులు ఆ నిధికి ఎలా గాలం వేశారన్నదే కథ. ఆ ఏడాది ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు దానికే.

హాళ్లున్న పేట

అబిడ్స్ అంటే ఒకప్పుడు సినిమాలే. ప్యాలెస్, జమ్రూద్, సంతోష్, సప్నా, రామకృష్ణ. పెద్దవాళ్లు ఇప్పటికీ బట్టల షాపుకు దారి చెబుతూ ప్యాలెస్ టాకీసును గుర్తు చెబుతారు, టాకీసు లేకపోయినా. రామకృష్ణ ఎన్టీఆర్ కుటుంబానిది. ‘పాతాళభైరవి’ తోటరాముడు ముఖ్యమంత్రి అయ్యాక కాపురం కూడా అబిడ్స్‌లోనే ఉండేవారు. తెల్లవారుజామునే ఆ ఇంటి ముందు అధికారుల కార్లు ఆగేవి. సాహసం చేస్తే రాజకుమారి దక్కుతుందని తెర మీద నమ్మించినాయన, ఫైళ్లతో వచ్చిన ఐఏఎస్‌లకు ఏం దక్కుతుందని చెప్పేవారో మరి.

నాంపల్లిది ఇంకో వాటం. 1907లో కట్టిన రైల్వే స్టేషను, దర్గా, జనవరి ఒకటిన మొదలయ్యే నుమాయిష్, వీటన్నిటికీ తోడు నాంపల్లి కోర్టు. తెలుగు పత్రిక ఏ రోజు తిరగేసినా ఏదో ఒక మూల ‘నాంపల్లి కోర్టులో హాజరు’ అనే ముక్క ఉంటుంది. స్టేషను, కోర్టు, లాడ్జీలు నడిచి వెళ్లే దూరంలో ఉన్న పేట ఇది. నువార్ తీయాలనుకున్నవాడికి ఇంతకంటే చవకైన సెట్టు దొరకదు. కెమెరా భుజాన వేసుకుని రాత్రి పదింటికి స్టేషను బయట నిలబడితే చాలు.

ఇంతకీ అబిడ్స్‌లోని ‘అబిడ్’ ఎవరు?

ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్‌కు ఆంతరంగిక సేవకుడు, ఆల్బర్ట్ అబిడ్. ఆర్మీనియా మూలాలున్నవాడు. దొరవారికి బట్టలు, గడియారాలు, బూట్లు అమర్చిపెట్టడం ఆయన పని. ఒకసారి తొడిగిన బట్ట నిజాం మళ్లీ తొడగరు కనుక, అవే తిరిగి ఆయనకే అమ్మేవాడని నగరంలో ఒక పాత గుసగుస. నిజమెంతో గానీ, బాగా గడించి పెద్ద దుకాణం పెట్టాడు. దుకాణం పోయింది, పేటకు పేరు ఉండిపోయింది.

ఈ అబిడ్‌కు ఒక వజ్రం కథలో పాత్ర ఉంది. సిమ్లాలో నగలు, వింత వస్తువుల అంగడి నడిపిన అలెగ్జాండర్ మాల్కం జాకబ్ పుట్టుక, మతం, గతం అన్నీ మిస్టరీలే. మంత్రాలు తెలుసనేవారు, గూఢచారి అనేవారు. రడ్‌యార్డ్ కిప్లింగ్ 1901లో రాసిన ‘కిమ్’లో కుర్రాడికి పళ్లెంలో రత్నాలు చూపించి, మూసేసి, ఏమేం ఉన్నాయో చెప్పమనే లర్గన్ సాహెబ్ ఉంటాడే, ఆ పాత్రకు నమూనా ఈ జాకబే. సాహస నవలల్లో శాశ్వతంగా మిగిలినవాడు.

ఆయన 1891లో ఒక వజ్రం నకలు తీసుకుని హైదరాబాద్ వచ్చాడు. అసలు రాయి దక్షిణాఫ్రికాలో దొరికినది, ‘ఇంపీరియల్’ అనేవారు, 184.75 క్యారట్లు. కోహినూరు కంటే పెద్దది. దర్బారులో ఈ బేరానికి మధ్యవర్తి అబిడ్. 46 లక్షలకు మాట కుదిరింది. అందులో సగం, 23 లక్షలు, కలకత్తా బ్యాంకులో జమ చేశారు. నచ్చితేనే కొనడం, నచ్చకపోతే డబ్బు వాపసు. రాయి వచ్చింది. ఆ ఖర్చు బ్రిటిష్ రెసిడెంటుకు గిట్టలేదు. నిజాం చూసి నచ్చలేదన్నారు. డబ్బు తిరిగిమ్మంటే జాకబ్ దగ్గర లేదు. వ్యవహారం కలకత్తా హైకోర్టుకెక్కింది, నిజాం అంతటివారు సాక్ష్యం చెప్పవలసి వచ్చింది. ఆ సంవత్సరం చివర జాకబ్ నిర్దోషిగా బయటపడ్డాడు. గెలిచాడే గానీ కుదేలయ్యాడు. సిమ్లా వైభవమంతా పోయి, 1921లో బొంబాయిలో పేదగా చచ్చిపోయాడు.

ఇందులో ఏం తక్కువైందో చెప్పండి. గతం తెలియని అపరిచితుడు, అద్దాల పెట్టెలో నకిలీ రాయి, మధ్యవర్తి, బ్యాంకులో సొమ్ము, కోర్టు బోను, గెలిచి ఓడిన మనిషి. దీన్ని ఎవరైనా తీస్తే ఏనుగులు, జరీ షేర్వాణీలు, చౌమొహల్లా ప్యాలెస్ దీపాలతో ఎనభై కోట్ల సినిమా తీస్తారని నా భయం. కథంతా నలుగురు మనుషులు గదుల్లో కూర్చుని ఒకరికొకరు అబద్ధం చెప్పుకోవడమే. ఒక దీపం చాలు.

చివరికి రాజీలో ఆ రాయి నిజాం దగ్గరే ఉండిపోయింది. ఆయనకు మాత్రం దాని మొహం చూడబుద్ధి కాలేదు, గుడ్డలో చుట్టి పడేశారు. 1911లో ఆయన పోయాక, కొడుకు ఉస్మాన్ అలీఖాన్‌కు అది చౌమొహల్లాలో దొరికింది. ఆయన దాన్ని బల్ల మీద కాగితాలు ఎగరకుండా పెట్టుకున్నాడు. 1995లో నిజాం నగలను భారత ప్రభుత్వం 218 కోట్లకు కొన్నది. ఆ 173 నగల్లో ఇదొకటి. పేరు ఇప్పుడు ‘జాకబ్ వజ్రం’. దివాలా తీసినవాడి పేరు మీదే స్థిరపడింది. సాలార్‌జంగ్ మ్యూజియంలో ప్రదర్శనకు పెట్టినప్పుడు జనం బారులు తీరి చూశారు.

ఇంతకీ ఉస్మాన్ అలీఖాన్‌కు ఆ వజ్రం ఎక్కడ దొరికిందో మీకు తెలుసా? తండ్రిగారి పాత బూటు ముక్కులో. ‘వజ్రమూ పగా’లో హీరో చెప్పులు కుట్టేవాడని పైన చెప్పాను కదా. అబిడ్స్ చౌరస్తాలో ఇప్పటికీ చెప్పుల షాపులకు కొదవ లేదు.